మడమ ఆనని అడుగు

‘ఆ దెయ్యం కన్నా ఆ తల్లే భయంకరంగా ఉంది’ అని ఎవరో రాశారు. దాని కింద నవ్వు బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి, ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఫోన్లో ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను. కథ నాది. నాలుగేళ్ళ కిందట ఒక వారపత్రికలో వచ్చింది. ఒక తెలుగు ఛానల్ వాళ్ళు పది మంది రాసిన పది కథలు తీసుకుని, వారానికొకటి చొప్పున దెయ్యాల కథలుగా తీసి టీవీలో వేశారు. అందులో నాది ఆరోది.

ఆ కథకి జనం ఏమన్నారో ఛానల్ పేజీలో ఒక్కటి వదలకుండా చదివాను. సిగ్గుపడాల్సిన పనే, అయినా చదివాను. ‘చెంబు చూపించి భయపెడదామనుకున్నారా?’ అని ఒకడు. ‘మా ఇంట్లో రాగి చెంబు అటక మీద పెట్టించేశాను’ అని ఒకావిడ. ‘దెయ్యం జుట్టు సవరం అని తెలిసిపోతోంది’ అని ఇంకొకరు. వీటికి నవ్వుకున్నాను. ‘మా అమ్మ కూడా ఒకరోజు నాకు తలుపు తీయలేదు, పదేళ్ళ తర్వాత ఇవాళ ఫోన్ చేశాను’ అని ఒకమ్మాయి రాస్తే కళ్ళు తడయ్యాయి. కానీ పదింట్లో ఏడు ఆ తల్లిని తిట్టేవే. చెప్పుతో కొట్టాలన్నారు. కన్నది కాదేమో, కొనుక్కున్నదేమో అన్నారు. ‘నీ మొహం, నీకేం తెలుసురా’ అని నాలుగు వాక్యాలు టపటపా కొట్టి, పంపకుండా చెరిపేశాను.

నాకంత ఉక్రోషం ఎందుకంటే, ఆ తల్లి కల్పన కాదు. నేనుంటున్న ఇంట్లోనే, కింది వాటాలో ఉంది. ఆ పొద్దున నేను ఆఫీసుకి దిగేటప్పుడు మునగాకు దూస్తూ గడప దగ్గర కూర్చుని, ‘గొడుగు తీసుకున్నావా పాపా’ అని అడిగింది కూడా.

యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చినప్పుడు ముత్తియాల్‌పేటలో మేడ మీద ఒక గది, వంటిల్లు దొరికాయి. బండ్లు, ఆటోలు, లేత్ మిషన్ల రొద మధ్య ఆ ఇంట్లో తెలుగు వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళు మూడు నాలుగు తరాలుగా ఈ ఊరివాళ్ళు. ఇంటి పెద్దావిడని మొదటి రోజు ‘మామ్మగారండీ’ అని పిలిస్తే పకపకా నవ్వింది.

“నేనేమన్నా ఆఫీసరమ్మనా, గారూ గీరూ అంటా ఉండావు? అవ్వా అను, చాలు” అంది.

అవ్వ, ఆమె కొడుకు, కోడలు, చదువుకునే మనవరాలు. అంతే ఇల్లు. కొడుకు కరెంటు ఆఫీసులో పనిచేసేవాడు, ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. కోడలు మాత్రం ఆ లోటు తీర్చేది. నన్ను ‘అక్కా’ అనేది. వీధిలో ఏ ఇంట్లో ఏం వండారో వాసన పట్టి చెప్పేది. మనసులో మాట ముందు నోట్లోంచి వచ్చేసి, ఆ తర్వాత ఆమెకే తెలిసేది. నేనూ కాస్త ఆ బాపతే కాబట్టి మాకు బాగానే కుదిరింది.

ఆ ఇంట్లో నేను మొదట గమనించింది గడప బయట మెట్టు మీది చెంబు. సందెవేళ దీపం పెట్టగానే అవ్వ ఒక రాగి చెంబు నిండా నీళ్ళు పోసి అక్కడ పెట్టేది. పొద్దున్నే ఆ నీళ్ళు మందార మొక్కకి పోసేది. కొడుకు ఇంటికొచ్చి కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కునేవాడు గానీ ఆ చెంబు ముట్టేవాడు కాదు. కోడలు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దాన్ని దాటేది. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. ఏదో మొక్కుబడి అనుకుని నేనూ అడగలేదు.

రెండో ఏడు కార్తీకంలో ఒక సాయంత్రం వానలో ముద్దగా తడిసి వచ్చాను. చెప్పులు తెగి, మోకాళ్ళ దాకా బురద. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. నన్ను చూసి గభాల్న లేచి, ఆ చెంబే తీసి నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. వద్దండి వద్దండి అంటున్నా వినలేదు. వంగి తన చేత్తో నా పాదాలు తోమింది. తోముతూ తోముతూ ఏడ్చింది. ఆ రోజు చెప్పింది.

ఆమెకో కూతురుండేది. మిల్లులో పనికి వెళ్ళేది. పందొమ్మిదేళ్ళు. ముప్పై ఏళ్ళ కిందటి మాట.

“సినిమాకి పోయినాది, దాని జత పిల్లోళ్ళతో. నాతో చెప్పలేదు. మిల్లు ఇడిచిపెట్టి రెండు గంటలాయ. ఈమె కూతురు యాడ, యాడ అని ఈదంతా అడగతా ఉండారు. నాకు కోపం. బయం గూడా. అప్పుడొచ్చి తలుపు కొట్టింది వానలో. అమ్మా, కాళ్ళంతా బురద, చెంబెడు నీళ్ళియ్యి అనింది. వానలోనే కడుక్కో పో అని గడియ ఏసినా.”

“ఎంతసేపండీ?” అన్నాను.

“ఎసట్లో బియ్యం పోసుంటిని. అన్నం ఉడికేదాకా” అంది.

తలుపు తీసేసరికి ఆ పిల్ల మెట్టు మీద ముడుచుకుని కూర్చుని ఉందట. కాళ్ళు వాననీళ్ళలో పెట్టుకుని. ఏమీ అనకుండా లోపలికి వచ్చి, అన్నం తినకుండా పడుకుంది. తెల్లారేసరికి జ్వరం. పదో రోజున పోయింది. జ్వరం వానకే వచ్చిందో, ముందే ఒంట్లో ఉందో ఏ డాక్టరూ చెప్పలేదు. చెప్పినా అవ్వ వినేది కాదు.

“నా కొడుకు అప్పుడు చిన్నోడు, మా అమ్మోళ్ళింట్లో చదవతా ఉన్నాడు. వానికి తెలీదు. కోడలికీ తెలీదు. నువ్వు యాడా అనబాకు పాపా” అంది.

“అననండీ, ఒట్టు” అన్నాను.

ఎవరితోనూ అనలేదు. రాశాను.

ఇప్పుడు ఎంత సమర్థించుకున్నా సిగ్గే. అప్పుడు మాత్రం నాకో ధైర్యం ఉంది. ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. కొడుకు తమిళ పేపరు చదువుతాడు. మనవరాలికి ఇంగ్లీషొచ్చు, తమిళమొచ్చు, ఫ్రెంచి ముక్కలు కూడా వచ్చు. అవ్వకి ఏ అక్షరమూ రాదు. వాళ్ళ కథని వాళ్ళ భాషలోనే రాసి వాళ్ళ కళ్ళముందే పెట్టినా వాళ్ళకి తెలియదు. ఇంత భద్రమైన దొంగతనం ఇంకెక్కడైనా ఉంటుందా!

కథలో నేను కలిపింది ఒక్కటే. చనిపోయిన కూతురు వాన పడ్డ ప్రతి సాయంత్రమూ వచ్చి తలుపు కొడుతుంది. చెంబులో నీళ్ళు ఖాళీ అవుతాయి. తల్లి గడియ మీద చెయ్యి పెట్టి నిలబడుతుంది గానీ తియ్యదు. చివరి దాకా తియ్యదు. పత్రిక ఆయనకి ఆ ముగింపు తెగ నచ్చింది. పత్రిక వచ్చాక ఒక కాపీ కింద ఇచ్చాను. ఏ మొహం పెట్టుకుని ఇచ్చానో! అవ్వ దాన్ని కళ్ళకద్దుకుంది. “నీ పేరు యాడుండాది?” అని అడిగి, నేను వేలు పెట్టి చూపిస్తే అక్కడ కుంకం బొట్టు పెట్టి, దేవుడి పటాల గూట్లో ఉంచింది.

టీవీలో కథ మొదటిసారి శనివారం వచ్చింది. గదిలో తలుపేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో చూశాను. కింద వాళ్ళు తమిళ సీరియళ్ళు తప్ప ఇంకేం చూడరు కాబట్టి గండం గడిచిందనే అనుకున్నాను. ఆదివారం పొద్దున మా ఆఫీసులో పనిచేసే యానాం ఆయన, కందకి లేని దురద కత్తిపీటకెందుకో, అరకిలో మైసూర్‌పాక్ పట్టుకుని వచ్చాడు. మేడ మీదికి రాకముందే కింద గడప దగ్గర నిలబడి గొంతెత్తి చెప్పాడు.

“మీ ఇంట్లో పెద్ద రచయిత్రి ఉన్నారండీ, తెలుసా? వీరి కథ టీవీలో వచ్చిందండి. ఇవాళ రెండింటికి మళ్ళీ వేస్తారండి. తప్పకుండా చూడండి!”

ఛానల్ నంబరు కూడా ఆయనే వెతికి పెట్టి మరీ వెళ్ళాడు.

మధ్యాహ్నం చేపల పులుసు భోజనాలయ్యాయి. కొడుకు లోపల గదిలో నిద్రపోయాడు. మనవరాలు స్నేహితురాలింటికి వెళ్ళింది. ఎండ తగలకుండా కోడలు కిటికీలు మూసింది. నేల మీద చాప, దాని మీద అవ్వ, ఆమె ముందు చేటలో మునగాకు. కోడలు నన్ను చెయ్యి పట్టి లాక్కొచ్చి పక్కన కూర్చోబెట్టింది.

“మా అక్క రాసిన పేయ్ కథ! పగలు కాబట్టి చూస్తా ఉండా, రాత్రయితే నేను చూడను తల్లీ” అంది. ఆ ఇంట్లో దెయ్యాన్ని పేయ్ అనే అంటారు.

తలనొప్పి అని లేచిపోవచ్చు. కేబుల్ వైరు లాగేయవచ్చు. ఏమీ చేయలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మొదట్లో ఇద్దరూ తమాషాగానే చూశారు. “ఏంది, చెంబు అంత మెరస్తా ఉండాది? ఇప్పుడే అంగట్లో కొన్నారా?” అని అవ్వే అడిగింది. తల్లి వేషం వేసినావిడ కట్టిన చీర బాగుందని కోడలు అంది. ఆ తర్వాత తెర మీద వాన మొదలైంది. తలుపు చప్పుడు. ‘అమ్మా, కాళ్ళంతా బురద, చెంబెడు నీళ్ళియ్యి’ అని ఆ పిల్ల గొంతు. ఒక్క అక్షరం మార్చకుండా అదే మాట నేను రాసిచ్చాను, వాళ్ళు అనిపించారు. అవ్వ చేతిలో మునగరెమ్మ ఆగిపోయింది. తెర మీద తల్లి గడియ వేసింది.

“ఛీ! ఏం తల్లి ఇది? కుక్క గూడా పిల్లని వానలో నిలబెట్టదు. ఇదేం జన్మం!” అంది కోడలు.

అవ్వ వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. కాసేపటికి పక్కన కోడలు కూడా మాట్లాడడం మానేసింది. సీరియల్ చూస్తే వ్యాఖ్యానం ఆపని మనిషి, ఆ తర్వాత ఒక్క మాట అనలేదు. దెయ్యానికి భయపడిందనుకున్నాను.

చివర్లో ఆ కూతురు దెయ్యమై వచ్చి, ఖాళీ చెంబు గడప దగ్గర వదిలి వెళ్ళిపోతుంది. గచ్చు మీద తడి అడుగులు వరసగా చూపించారు. కుడికాలి అచ్చు నిండుగా ఉంది. ఎడమకాలిది ముందరి సగమే ఉంది. మడమ ఆనలేదు. అప్పుడు అవ్వ లేచింది. చేట తన్నుకుని ఆకంతా చాప మీద పడింది. టీవీ దగ్గరికి వెళ్ళి, నడుం వంచి, ఆ అడుగులకి మొహం ఆనించేంత దగ్గరగా చూసింది. ఇంతలో బట్టల సబ్బు ప్రకటన వచ్చింది. ఆమె అక్కడే నిలబడి ఆ ప్రకటన కూడా పూర్తిగా చూసింది.

నేను మేడెక్కి మంచం మీద కూలబడ్డాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఇల్లు ఖాళీ చేయడం ఒక్కటే దారి అనుకున్నాను. ఒర్లియంపేటలో ఒక గది ఉందని ఎవరో అన్న మాట కూడా గుర్తు తెచ్చుకున్నాను. నాలుగింటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్కో మెట్టు ఎక్కి, ఆగి, మళ్ళీ ఎక్కుతున్నారు. మోకాళ్ళ నొప్పులతో అవ్వ మేడెక్కి ఐదేళ్ళయింది. తలుపు తీసేసరికి పై మెట్టు మీద కూర్చుని రొప్పుతోంది. తిట్టినా కొట్టినా పడదామని ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“ఎప్పుడు చూసినావు?” అంది.

“ఎవరినండీ?”

“దాన్ని.”

నాకు అర్థం కాలేదు. అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది.

“తలుపు సంగతి నేను చెప్పినా నీకు. కాలు సంగతి చెప్పలేదే. చిన్నప్పుడు దానికి ఎడమ మడమలో గాజుపెంకు దిగింది. మానింది గానీ, మడమ నేల మీద ఆనించేది కాదు. సచ్చేదాకా అట్లే నడిచింది. ఈ ఊర్లో అది గేపకముండేది నా ఒక్కదానికే. నీకెట్ల తెలిసింది? కనపడింది కదా నీకు?”

నా కథలో మడమ లేదు. తడి అడుగులే లేవు. చెంబు ఖాళీ అవుతుంది, అంతే. ఆ అడుగులు ఎక్కడివో ఆ క్షణంలో నాకూ తెలియదు. అది అబద్ధమండీ, ఎవరూ రాలేదండీ, అంతా కట్టుకథండీ అని చెప్పబోయాను. ఆమె మొహంలోకి చూశాను. కోపం లేదు. నా మీద నిష్ఠూరం కూడా లేదు. ముప్పై ఏళ్ళుగా అడగాలనుకున్న మాట అడగడానికి మనిషి దొరికిందన్న ఆత్రం ఒక్కటే ఉంది.

“కోపంగా ఉండిందా?” అంది.

“లేదండీ” అన్నాను.

“కాళ్ళు కడుక్కుందా?”

“కడుక్కుందండీ. చెంబు బోర్లించి వెళ్ళింది.”

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నవ్వింది కూడా. రెండూ కలిసి వచ్చి ఊపిరందక దగ్గింది. మంచినీళ్ళిస్తే తాగింది. లేచేటప్పుడు అంది.

“నా గడపకి రావాలంటే దానికి బయం. నీ కాడికైతే వస్తాది. ఇంక నువ్వే పెట్టు పాపా.”

ఆ సాయంత్రం కోడలి చేత రాగి చెంబు పైకి పంపింది. కోడలు దాన్ని నా చేతికిచ్చి, నా మొహం వైపు చూడకుండా దిగిపోయింది.

మర్నాడు దర్శకుడికి ఫోన్ చేశాను. కుర్రాడు, మర్యాదస్తుడు. “మేడమ్, జనం బాగా మెచ్చుకుంటున్నారు!” అని మొదలుపెట్టాడు. ఆ అడుగుల సంగతి అడిగాను.

“ఓ, అదా మేడమ్! ఆ అమ్మాయికి ఆ రోజు పొద్దున్నే కాలు బెణికింది. మడమ ఆనించలేకపోయింది. వేరే వాళ్ళని పెట్టడానికి టైము లేదు, అలాగే తీసేశాం. భయంగా వచ్చింది కదా?”

“వచ్చింది” అని పెట్టేశాను.

ఎవరికో కాలు బెణికింది. జరిగింది అంతే. ఆ సంగతి తెలిశాక నా భయం పోవాలి. పోలేదు. అవ్వకి చెప్పాలనుకుని రెండుసార్లు కిందికి దిగాను. రెండుసార్లూ ఆమె, ‘నీళ్ళు పెట్టినావా?’ అని అడిగింది. పెట్టానండీ అని వెనక్కి వచ్చేశాను.

నిజంగానే పెట్టేదాన్ని. ఎనిమిది నెలలు ప్రతి సందెవేళా పై మెట్టు మీద చెంబు నింపి పెట్టాను. నేనేమీ దెయ్యాలని నమ్మే మనిషిని కాదు. అయినా పొద్దున్నే తలుపు తీయగానే ముందు చెంబులో నీళ్ళెంత ఉన్నాయో చూసేదాన్ని. ఎండాకాలం ఒక వేలెడు తగ్గేవి. ఒకరోజు సగమే ఉన్నాయి. కాకి తాగి ఉంటుంది, ఈ వీధిలో కాకులకి ఏం తక్కువ? అలా అనుకుంటూనే పళ్ళు తోముకోకుండా గంటసేపు ఆ చెంబు పక్కన కూర్చున్నాను. వాన పడితే గది తలుపుకి గడియ వెయ్యడం మానేశాను. స్నానం చేసి వచ్చి, గచ్చు మీద పడ్డ నా తడి అడుగులని నేనే తిరిగి చూసుకునేదాన్ని, ఎడమ మడమ పడిందా లేదా అని. ఛానల్ పేజీలో జనం మూడు వారాలకే ఆ తల్లిని మర్చిపోయి తొమ్మిదో కథలో దెయ్యం కోరల గురించి కొట్టుకోవడం మొదలుపెట్టారు.

కింద అవ్వ మాత్రం తేలికపడింది. సాయంత్రాలు గడప దగ్గర కూర్చోవడం మానేసి, పక్కింటి వాళ్ళతో కబుర్లకి వెళ్ళేది. కోడలితో మాత్రం ఏదో తేడా వచ్చింది. అత్తాకోడళ్ళు పోట్లాడుకుంటే నాకంత దిగులు ఉండేది కాదు. కోడలు అత్త ముందు మాటలు తడుముకునేది. ఆ మనిషి తడుముకోవడం నేనెప్పుడూ ఎరగను.

తర్వాతి వానలకి అవ్వకి నెమ్ము చేసింది. కదిర్కామంలో ఆసుపత్రిలో చేర్చారు. నాలుగో రోజు ఆఫీసు నుంచి తిన్నగా అటే వెళ్ళాను. బయట ముసురు పట్టి ఉంది. కొడుకు బయట బెంచీ మీద కూర్చున్నాడు. అవ్వ కళ్ళు తెరిచి నన్ను పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది.

“వానా?” అంది.

“అవునండీ.”

“నీళ్ళు పెట్టినావా?”

“పెట్టానండీ” అన్నాను. పెట్టలేదు. పొద్దున పోయిన దాన్ని ఇంకా ఇంటికే వెళ్ళలేదు. ఎనిమిది నెలల్లో అదొక్క రోజే.

“తలుపు?”

“తీసే ఉందండీ.”

“సెరి” అని కళ్ళు మూసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు ఏడుపు ఆగలేదు. పెద్ద అబద్ధం నిభాయించి, ఈ చిన్నది ఎందుకు ఆడాల్సి వచ్చిందా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఏడున్నరకి ఇల్లు చేరి, చీకట్లో తడుముకుంటూ మేడెక్కాను. పై మెట్టు మీద కాలికి చల్లగా ఏదో తగిలింది. ఫోన్ లైటు వేశాను. చెంబు. అంచు దాకా నీళ్ళు. పొద్దున దాన్ని నేనే మొక్కకి వొంపి, కడిగి, వంటింట్లో బోర్లించి వెళ్ళాను. నా గది తలుపు బార్లా తీసి ఉంది.

గోడ పట్టుకుని కిందికి దిగాను. కింద వంటింట్లో కోడలు ఆసుపత్రికి పంపడానికి గంజి వారుస్తోంది. నా మొహం చూసి గిన్నె దించింది.

“నేనే పెట్టినా అక్కా” అంది. “వాన వస్తా ఉండాది, నువ్వు రాలా. నీ గది తాళంచెవి ఇంకోటి మా కాడ ఉంది కదా.”

“నీకెలా తెలుసు?” అన్నాను.

“టీవీలో చూసిన దినమే తెలిసింది. నోరు జారినాక ఆమె మొకం చూసినా. పెళ్ళయి వచ్చినకాడి నించి ఆ చెంబు దాటుకోనే తిరగతా ఉండా గదా, ఇంకొకరు చెప్పాల్నా నాకు?” గంజి గిన్నె మీద మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. “కుక్క గూడా అట్ల చెయ్యదన్నానక్కా. ఆమె పక్కనే కూర్చోని అన్నా. ఆ మాట ఎట్ల ఎనక్కి తీసుకోవాలో తెలీక ఇన్నాళ్ళూ తిరగతా ఉండా. రేపు నువ్వు పోతావు గదా, నువ్వు చెప్పు. నేను తెలీక అన్నానని చెప్పు.”

“రేపు ఇద్దరం వెళ్దాం. నువ్వే చెబుదువుగాని” అన్నాను.

తెల్లవారకముందే ఫోన్ వచ్చింది. అవ్వ పోయింది.

జనం, ఏడుపులు, పదహారో రోజు కర్మ, అన్నీ అయిపోయాయి. దేవుడి గూట్లో నా పత్రిక అలాగే ఉంది, కుంకం బొట్టుతో. దాన్ని తీసి చించేయాలని చెయ్యి పెట్టి, మళ్ళీ అక్కడే ఉంచాను. కర్మ రోజు వరకూ పక్కిళ్ళ వాళ్ళే అన్నం పంపారు. కర్మ అయిన మర్నాడు సాయంత్రం కోడలు మొదటిసారి పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. మబ్బు పట్టి, గాలి తిరిగి, సన్నగా చినుకులు మొదలయ్యాయి.

చెంబు నింపుకుని పై మెట్టు మీద పెట్టబోయి ఆగాను. ఇక అబద్ధం ఎవరి కోసం? ఆ పిల్ల అడిగింది ఈ మెట్టు మీద కాదు. చెంబు పట్టుకుని కిందికి దిగాను. పాత చోటనే, గడప బయట పెడదామని వంగాను. అక్కడ అప్పటికే ఇంకో చెంబు ఉంది. కోడలిది, పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన స్టీలు చెంబు, నిండా నీళ్ళతో. నేను నాది దాని పక్కన పెట్టాను.

“అది ఆ పిల్లకి. ఇది మా అత్తకి” అంది కోడలు తలుపు దగ్గర నిలబడి. “ఇద్దరూ తడస్తా వస్తారు గదా.”

గాలికి తలుపు రెక్క ఊగి మూసుకోబోయింది. ఆమె గబుక్కున చేత్తో పట్టుకుంది. వీధిలో బండ్లు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి. చినుకులు ఆమె మోచేతి మీద, చీర మీద పడుతున్నాయి. లోపలికి రమ్మన్నాను, రాలేదు. ఒక రాయి తెచ్చి తలుపుకి అడ్డం పెడతానన్నాను, వద్దంది. లోపల పొయ్యి మీద అన్నం ఉడికేదాకా ఆమె ఆ తలుపుని అలాగే పట్టుకుని నిలబడింది.